ఎనిమిది పేర్లు, ఒకటే చట్రం!

"ఆ రోజుల్లో కార్లంటే కార్లు! ఉక్కుతో పోతపోసినట్టు ఉండేవి. ఇప్పటివీ ఉన్నాయి, రేకు డబ్బాలు!"

ఈ మాట మీ ఇంట్లో పెద్దవాళ్లెవరో ఒకరు అనగా మీరు వినే ఉంటారు. ఇందులో నిజమెంత? తేల్చుకోవాలంటే మనం అరవై ఏళ్లకు పైగా వెనక్కి వెళ్లి, ఒక పెద్ద కార్ల కుటుంబాన్ని పలకరించి రావాలి. అది అమెరికాలో షెవర్లే కంపెనీ 1959వ సంవత్సరానికని తయారు చేసిన కార్ల కుటుంబం. పదండి!

దుకాణంలోకి అడుగు పెడదాం

అది 1958వ సంవత్సరం, శరదృతువు. అప్పుడే 1959 కార్లు ఎలా వచ్చాయని ఆశ్చర్యపోకండి. రాబోయే ఏడాది కార్లను ముందు ఏడాది శరదృతువులోనే దుకాణాలకు పంపడం అమెరికాలో ఆనవాయితీ.

మీరొక షెవర్లే దుకాణంలో నిలబడ్డారనుకోండి. మీ ఎదుట ఉన్న కారు పొడవు 5.3 మీటర్లు దాటుతుంది. వెడల్పు 2 మీటర్లు. మన అంబాసిడర్ కారు పొడవు సుమారు 4.3 మీటర్లు. ఆ పక్కన ఈ పక్కన నిలబెడితే అంబాసిడర్ చిన్నపిల్లలా కనిపిస్తుందన్నమాట.

ఇప్పుడు కారు వెనక్కి వెళ్లి చూడండి. రెండు పెద్ద రెక్కలు! పక్షి రెక్కలు విప్పినట్టు అటూ ఇటూ చాచుకొని ఉన్నాయి. వాటి కింద పిల్లి కళ్లలాంటి రెండు ఎర్ర దీపాలు. ఇలాంటి కారు అంతకు ముందు ఏడాది లేదు. రెండేళ్లు గడిచేసరికి ఈ రెక్కలు మళ్లీ కనిపించలేదు కూడా.

దుకాణదారు మీ చేతిలో ఒక రంగుల పుస్తకం పెట్టి, "ఏది కావాలి?" అంటాడు.

మెట్ల మీద కార్లు

అన్నిటికంటే కింది మెట్టు మీద ఉన్నది బిస్కేన్. ఫ్లోరిడాలోని ఒక సముద్రపు అఖాతం పేరు అది. హంగులు తక్కువ, ధర తక్కువ. రెండు తలుపుల బిస్కేన్ ధర సుమారు 2,200 డాలర్లు. టాక్సీలకూ, పోలీసులకూ, వ్యాపార సంస్థలకూ నచ్చిన కారు ఇది.

దాని పై మెట్టు బెల్ ఎయిర్. ఇది లాస్ ఏంజెలస్ నగరంలో ధనవంతులుండే ఒక పేట పేరు. పైపైన మెరిసే క్రోమియం పట్టీలు కాస్త ఎక్కువ. లోపలి బట్ట కాస్త మెరుగు.

అన్నిటికీ పైన ఇంపాలా. ఆఫ్రికాలో చెంగుచెంగున గంతులు వేసే ఒక జింక పేరు ఇది. నాలుగు తలుపులది, రెండు తలుపులది, పైకప్పు మడిచేయగలిగేది, ఇలా రకరకాల ఇంపాలాలున్నాయి. పైకప్పు మడిచే ఇంపాలాలో పెద్ద ఇంజను పెట్టించుకుంటే ధర 3,000 డాలర్లకు దగ్గరగా వస్తుంది.

ఇక్కడొక తమాషా చూడండి. 1957లో అన్నిటికంటే ఖరీదైన వరుస బెల్ ఎయిరే. 1958లో ఇంపాలా అనే పేరు పుట్టింది. 1959లో అది వేరే వరుసగా పై మెట్టు ఎక్కి కూర్చున్నది. పాపం, బెల్ ఎయిర్ నడిమి మెట్టుకు దిగింది.

పెద్ద కుటుంబాలవారి కోసం వెనుక భాగమంతా సామాను పెట్టుకొనే విధంగా తీర్చిన స్టేషన్ వ్యాగన్లు ఉన్నాయి. వీటికీ మెట్లున్నాయి. బిస్కేన్ స్థాయిది బ్రూక్‌వుడ్. బెల్ ఎయిర్ స్థాయివి పార్క్‌వుడ్, కింగ్స్‌వుడ్. ఇంపాలా స్థాయిది నోమాడ్, అంటే సంచారి. కింగ్స్‌వుడ్‌లో తొమ్మిది మంది కూర్చోవచ్చు. మూడో వరుసలో కూర్చున్న పిల్లలు వెనక్కి తిరిగి, దూరమైపోతున్న రోడ్డును చూస్తూ ప్రయాణం చేస్తారు!

ఎనిమిదోది ఎల్ కామినో. స్పానిష్ భాషలో 'బాట' అని అర్థం. ముందు సగం కారు, వెనుక సగం సామాన్ల తొట్టి. అంతకు రెండేళ్ల ముందు, 1957లో, ఫోర్డ్ కంపెనీ రాంచెరో అనే ఇలాంటి బండిని తెచ్చింది. దానికి షెవర్లే ఇచ్చిన జవాబు ఇది.

వీటన్నిటికీ దూరంగా ఒక మూల కార్వెట్ ఉంది. ఇద్దరే కూర్చొనే పందెపు కారు. దాని ఒళ్లు ఉక్కుది కాదు, గాజు పోగులనూ రెసిన్‌నూ కలిపి చేసిన ఫైబర్ గ్లాసుది. దాని చట్రం వేరు, దాని కథ వేరు. దాన్ని అలా ఉండనిద్దాం.

పేర్ల వెనుక గుట్టు

మిగిలిన ఎనిమిది పేర్ల కింద ఏముందో ఇప్పుడు వంగి చూద్దాం. కారు కింద దాని ఎముకల గూడులాంటి ఉక్కు చట్రం ఉంటుంది. ఎనిమిదింటి కిందా ఉన్నది ఒకే రకం చట్రం! ముందు ఇరుసుకూ వెనుక ఇరుసుకూ మధ్య దూరం అన్నిట్లోనూ ఒకటే, 119 అంగుళాలు. అంటే సుమారు 3 మీటర్లు.

ఈ చట్రం గుణకారం గుర్తులా (×) ఉంటుంది. మామూలు చట్రాల్లో రెండు వైపులా అంచుల వెంట రెండు పొడవాటి దూలాలుంటాయి. ఇందులో ఆ దూలాలు నడుమకు వచ్చి కలుసుకుంటాయి. దీనివల్ల కాళ్లు పెట్టుకొనే చోటు కిందికి దించవచ్చు. కారు ఎత్తు తగ్గి, నాజూకుగా కనిపిస్తుంది. కాని మనుషులు కూర్చొనే చోట పక్కన ఉండవలసిన దూలం ఇక లేదు. ఈ సంగతి గుర్తు పెట్టుకోండి.

ఇంజన్లు మాత్రం రకరకాలు. వరుసగా ఆరు సిలిండర్లున్న చిన్న ఇంజను 235 ఘనపుటంగుళాలది. ఇంగ్లీషు 'వి' అక్షరం ఆకారంలో ఎనిమిది సిలిండర్లున్నవి 283, 348 ఘనపుటంగుళాలవి. ఒక ఘనపుటంగుళం అంటే సుమారు 16.4 ఘన సెంటీమీటర్లు. లెక్క వేయండి. 283ని 16.4తో హెచ్చిస్తే సుమారు 4,640. అంటే 4.6 లీటర్లు. అంబాసిడర్‌లో ఎన్నో ఏళ్లు వాడిన ఇంజను 1,489 ఘన సెంటీమీటర్లది. ఆ లెక్కన ఇది మూడు అంబాసిడర్ ఇంజన్లకు సమానం! 348 ఇంజనులో కొన్ని రకాలు 300 అశ్వసామర్థ్యం దాటాయి. ఆనాటి అంకెల్ని ఈనాటి అంకెలతో పోల్చకూడదు సుమా. అప్పట్లో ఫాన్ బెల్టూ సైలెన్సరూ వంటివి తీసేసి, ఉత్త ఇంజను సామర్థ్యాన్ని కొలిచేవారు.

రెక్కలు ఎందుకు?

1908లో ఫోర్డ్ కంపెనీ 'మోడల్ టి' కారును తెచ్చింది. దాన్ని 1927 దాకా పెద్ద మార్పులు లేకుండా చేస్తూనే వచ్చింది. షెవర్లేకు యజమాని అయిన జనరల్ మోటార్స్ సంస్థ వేరే దారి పట్టింది. ఏడాదికేడాది రూపం మారిస్తే, నిరుటి కారు పాతదిగా కనిపిస్తుంది. అది బాగా నడుస్తూనే ఉన్నా, కొత్తది కొనాలనిపిస్తుంది! ఈ పద్ధతిని స్థిరపరచిన వారిలో ఆ సంస్థ అధిపతి ఆల్ఫ్రెడ్ స్లోన్ ముఖ్యుడు.

రెక్కల ఫాషను కూడా ఆ సంస్థలోనే మొదలైంది. రెండో ప్రపంచ యుద్ధంలో వాడిన పి-38 విమానపు జంట తోకలను చూసి, దాని డిజైనర్లు 1948 కాడిలాక్ కారుకు చిన్న తోకలు పెట్టారు. తర్వాత పోటీ కంపెనీలు వాటిని పెంచాయి.

1956 ఆగస్టులో ఒక మధ్యాహ్నం, జనరల్ మోటార్స్‌లో పనిచేసే చక్ జోర్డన్ అనే యువ డిజైనరు కారులో అలా వెళ్తూ, పోటీదారు క్రైస్లర్ కంపెనీ ఆవరణలో కంచె వెనుక నిలిపిన 1957 కార్లను చూశాడు. పల్చని పైకప్పులు, పైకి లేచిన రెక్కలు! ఆయన గుండె గుభేలుమన్నది. తాము గీస్తున్న బొమ్మలు వాటి ముందు లావుగా, పాతగా ఉన్నాయి. తిరిగి వచ్చి తోటివారికి చెప్పాడు. గీసిన బొమ్మలన్నీ పక్కన పెట్టి, మళ్లీ మొదటి నుంచి పని మొదలుపెట్టారు. 1959 కార్లు అలా పుట్టాయి. ఖర్చు కలిసి రావాలని జనరల్ మోటార్స్‌లోని అయిదు రకాల కార్లకూ, షెవర్లే నుంచి కాడిలాక్ దాకా, లోపలి ఒంటి గూడును చాలావరకు ఒకే విధంగా చేశారు. పైతొడుగులు మాత్రం వేరు.

మరి ఆ రెక్కలు ఏం పని చేస్తాయి? విమానం తోక మీద నిలువుగా ఉండే రెక్క విమానం పక్కకు తిరిగిపోకుండా ఆపుతుంది. షెవర్లే రెక్కలైతే నిలువుగా కూడా లేవు, పడుకొని ఉన్నాయి! రోడ్డు మీద అవి కళ్లకు ఇంపు తప్ప మరేమీ కావు. అయినా ఆ ఏడాది షెవర్లే కార్లు 14 లక్షలకు పైగా తయారయ్యాయి.

యాభై ఏళ్ల తర్వాత ఢీ!

ఇప్పుడు మనం మొదట వేసుకున్న ప్రశ్నకు వద్దాం. ఆ ఉక్కు కార్లు నిజంగా గట్టివేనా?

రోడ్డు ప్రమాదాలపై పరిశోధనలు చేసే 'ఇన్సూరెన్స్ ఇన్‌స్టిట్యూట్ ఫర్ హైవే సేఫ్టీ' అనే అమెరికా సంస్థ కూడా 1959లోనే పుట్టింది. 2009లో దానికి యాభై ఏళ్లు నిండాయి. ఆ సందర్భంగా వాళ్లొక ప్రయోగం చేశారు. 1959 బెల్ ఎయిర్‌ను ఒక పక్క నుంచీ, అదే షెవర్లే కంపెనీ చేసిన 2009 మాలిబూ కారును మరో పక్క నుంచీ తెచ్చి, ఎదురెదురుగా ఢీకొట్టించారు. ఒక్కొక్కదాని వేగం గంటకు 64 కిలోమీటర్లు. డ్రైవర్ల సీట్లలో కొలిచే పరికరాలు అమర్చిన మనిషి బొమ్మలను కూర్చోబెట్టారు. రెండు కార్ల బరువూ ఇంచుమించు సమానమే.

ఫలితం? పాత కారులో మనిషి కూర్చొనే గది నలిగి కుంచించుకుపోయింది. స్టీరింగ్ చక్రం వెనక్కి దూసుకువచ్చింది. ఆ బొమ్మ స్థానంలో మనిషి ఉంటే బతికేవాడు కాదు. కొత్త కారు ముక్కు నుజ్జునుజ్జయింది గాని, డ్రైవరు గది చెక్కుచెదరలేదు. అందులోని మనిషికి మోకాలికో పాదానికో చిన్న గాయమై ఉండేదంతే!

ఆ పాత కారులో ఇంజను తీసేసి ఉంటారని కొందరు అనుమానించారు. ఇంజను ఉన్నదనే ఆ సంస్థ చెప్పింది. ఉక్కు కారు మనిషిని కాపాడలేకపోయింది. పైన పటారం, లోన లొటారం అంటే ఇదే కదూ!

ఎందుకలా జరిగింది?

గంటకు 64 కిలోమీటర్లంటే సెకనుకు 17.8 మీటర్లు. ఎంత ఎత్తు నుంచి పడితే నేలను తాకేటప్పుడు ఆ వేగం వస్తుంది? వేగం వర్గాన్ని 2 × 9.8తో భాగిస్తే సుమారు 16 మీటర్లు వస్తుంది. అంటే అయిదంతస్తుల మేడ మీది నుంచి పడినట్టు!

రెండు కార్లూ 64 చొప్పున వస్తున్నాయి గనుక 128 కిలోమీటర్ల వేగంతో గోడను కొట్టినట్టని మీరనుకోవచ్చు. కాదు. సమానమైన బరువున్న రెండు కార్లు ఒకదాన్నొకటి ఆపుకుంటాయి. కాబట్టి ఒక్కొక్కటీ 64 కిలోమీటర్ల వేగంతో గోడను కొట్టినట్టే.

కారు ఆగినా, లోపలి మనిషి ఆగడు. జడత్వం అతన్ని అదే వేగంతో ముందుకు తీసుకుపోతుంది. 50 కిలోల విద్యార్థి ఆ వేగంతో పోతున్నాడనుకోండి. అతని గతిజశక్తి:

½ × 50 × 17.8 × 17.8 = సుమారు 7,900 జౌళ్లు.

అతను ఆగాలంటే ఈ శక్తి అంతా ఎక్కడో ఖర్చు కావాలి. శక్తిని, ఆగడానికి పట్టే దూరంతో భాగిస్తే సగటు బలం వస్తుంది. బెల్టు లేక ముందున్న గట్టి రేకుకు కొట్టుకొని 5 సెంటీమీటర్లలో ఆగాడనుకోండి. 7,900 ÷ 0.05 = 1,58,000 న్యూటన్లు. దాదాపు 16 టన్నుల బరువు మీద పడినట్టు! బెల్టు పట్టి ఉంచగా, కారు ముక్కు మెల్లగా నలుగుతూ, 60 సెంటీమీటర్లలో ఆగాడనుకోండి. 7,900 ÷ 0.6 = సుమారు 13,200 న్యూటన్లు. పన్నెండో వంతు!

క్రికెట్ బంతిని పట్టేటప్పుడు మీరు చేతులు వెనక్కి లాక్కుంటారు కదా? బంతి ఆగే దూరం పెరుగుతుంది, అరచేయి మండదు. కారు ముక్కు చేయవలసిన పనీ అదే. అది నలగాలి. నలుగుతూ శక్తిని మింగాలి. మనిషి కూర్చున్న గది మాత్రం నలగకూడదు. 1959 షెవర్లేలో ఏది నలగాలి, ఏది నలగకూడదు అనే విభజనే లేదు. ఎంత ఉక్కు వాడారన్న దానికంటే దాన్ని ఎక్కడ, ఎలా అమర్చారన్నది ముఖ్యం.

అదే ఏడాది, మరో చోట

1959లో ఈ సంగతి ఎవరికీ తెలియదనుకుంటే పొరపాటు. స్వీడన్‌లో వోల్వో కంపెనీ ఇంజనీరు నిల్స్ బోలిన్ అంతకుముందు విమానాల్లో పైలట్లను బయటికి విసిరే సీట్ల మీద పనిచేసినవాడు. ఆయన ఛాతీ మీదుగా ఒక పట్టీ, ఒడి మీదుగా ఒక పట్టీ వచ్చి తుంటి దగ్గర కలిసే బెల్టును తయారు చేశాడు. 1959లో వోల్వో దాన్ని తన కార్లలో పెట్టి అమ్మసాగింది. ఇతర కంపెనీలు కూడా ఆ బెల్టును ఉచితంగా వాడుకోనిచ్చింది. ఈనాడు మీరు కారులో పెట్టుకొనే బెల్టు అదే.

జర్మనీలో మెర్సిడెస్ ఇంజనీరు బేలా బరేనీ, ముందూ వెనుకా నలిగిపోయి, నడుమ గది గట్టిగా నిలిచే కారును ఊహించాడు. 1959లోనే ఆ పద్ధతిలో చేసిన మెర్సిడెస్ కారు బయటికి వచ్చింది. తమాషా ఏమిటంటే దానికీ చిన్న రెక్కలున్నాయి! రెక్కలుండడం తప్పు కాదు. రెక్కలే ఉండడం తప్పు.

మరి అమెరికాలో ఎందుకు చేయలేదు? 1956లో ఫోర్డ్ కంపెనీ మెత్త వేసిన డాష్ బోర్డు, బెల్టులు ఇస్తామని ప్రచారం చేసింది. ఆ ఏడాది అమ్మకాల్లో షెవర్లేదే పైచేయి అయింది. "భద్రత అమ్ముడుపోదు" అనే మాట వ్యాపారుల్లో పాకిపోయింది. 1965లో రాల్ఫ్ నాడర్ అనే యువ న్యాయవాది 'అన్‌సేఫ్ ఎట్ ఎనీ స్పీడ్' అనే పుస్తకం రాశాడు. దాని మొదటి అధ్యాయం షెవర్లే 1960కి తెచ్చిన కార్వేర్ కారు మీదే. 1966లో అమెరికా ప్రభుత్వం వాహన భద్రతకు చట్టం చేసింది. 1968 నుంచి కొత్త కార్లలో బెల్టులు తప్పనిసరి అయ్యాయి.

మన సంగతి

షెవర్లే పేరు మన దేశానికి కొత్త కాదు. 1928లోనే జనరల్ మోటార్స్ బొంబాయిలో భాగాలు తెప్పించి కార్లు బిగించే కర్మాగారం పెట్టింది. 1954లో దాన్ని మూసివేశారు. అందుచేత 1959 రెక్కల కార్లు ఇక్కడ తయారు కాలేదు.

మన దేశంలో 2023 అక్టోబరు నుంచి 'భారత్ ఎన్‌క్యాప్' పేరిట కార్లను ఢీకొట్టించి నక్షత్రాలు ఇస్తున్నారు. అందులో ఎదురు ఢీ పరీక్ష వేగం ఎంతో తెలుసా? గంటకు 64 కిలోమీటర్లే! ముందు సీట్లలో ఉన్నవారే కాదు, ముందుకు తిరిగిన వెనుక సీట్లలో కూర్చున్నవారూ బెల్టు పెట్టుకోవాలని మన నిబంధనలు చెబుతున్నాయి. ఎందుకో ఇప్పుడు మీరే లెక్క వేసి చూపించగలరు.

ఈసారి ఇంట్లో ఎవరైనా "రేకు డబ్బాలు" అంటే, "నలగవలసిన చోట రేకు నలిగితేనే మంచిది" అని చెప్పండి. నమ్మకపోతే ఈ కింది ప్రయోగం చేసి చూపండి.

చేసి చూడండి

కావలసినవి: రెండు పచ్చి కోడిగుడ్లు, ఒక పాత దుప్పటి, ఇద్దరు స్నేహితులు.

పెరట్లో స్నేహితులిద్దరూ దుప్పటిని నిలువుగా, వదులుగా పట్టుకోవాలి. కింది అంచును పైకి మడిచి తొట్టిలా చేయాలి, లేకపోతే గుడ్డు జారి నేల మీద పడుతుంది. ఒక గుడ్డును దుప్పటి నడుమకు గట్టిగా విసరండి. పగలదు! రెండోదాన్ని అంతే జోరుగా గోడకు విసరండి. ఏమవుతుందో చెప్పనక్కరలేదు. గోడ కడిగాక, గుడ్డు ఆగడానికి దుప్పటిలో ఎంత దూరం పట్టిందో, గోడ దగ్గర ఎంత పట్టిందో అంచనా వేసి, రెండు బలాల నిష్పత్తి మీ నోటుపుస్తకంలో రాసుకోండి.